నోటీసు బోర్డులో కింది వరస

రెండేళ్ళుగా నాన్నని తీసుకుని ఒక యూనివర్సిటీ ఆసుపత్రికి తిరుగుతున్నాను. గుండె ఓపీ. డాక్టర్ చూసేది పది నిమిషాలు, ఆ పది నిమిషాల కోసం కూర్చునేది మూడు గంటలు, ఒక్కోసారి నాలుగు. మొదట్లో ఫోన్ చూసుకునేదాన్ని, అది ఛార్జింగ్ అయిపోయి చచ్చిపోతే కారిడార్‌లో ఉన్న నోటీసు బోర్డు ముందు నిలబడేదాన్ని. ఇప్పుడు ఫోన్ నిండా ఛార్జింగ్ ఉన్నా సరే ముందు బోర్డు దగ్గరికే పోతున్నాను.

ఆ బోర్డుకి రెండు వరసలు. పై వరసకి అద్దం తలుపు, దానికో తాళం. లోపల నున్నటి రంగు కాగితాల మీద ఆసుపత్రి వార్తలు ఉంటాయి, ఫలానా విభాగానికి పరిశోధన నిధులు, ఫలానా కొత్త యంత్రం, తెల్లకోట్లు వేసుకుంటున్న మొదటి ఏడాది విద్యార్థుల ఫోటో (ఈ తెల్లకోటు వేడుక ఇప్పటి రూపంలో 1993లో కొలంబియా యూనివర్సిటీలో మొదలైందట, నేనేమో వందేళ్ళ ఆచారం అనుకున్నాను). కింది వరసకి అద్దమూ లేదు తాళమూ లేదు. గుండుసూదులతో గుచ్చిన జిరాక్సు కాగితాలు. రక్తదాన శిబిరం, సీపీఆర్ (గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కి రక్తం నడిపించడం) శిక్షణ, స్ట్రోక్ నుంచి కోలుకుంటున్నవాళ్ళ సమావేశం, ఏదో ప్రజా ఉపన్యాసం, హాల్ మారిందని పెన్నుతో కొట్టేసి పక్కన రాసిన కొత్త నంబరు. ఏడాది పాటు నేను పై వరస మాత్రమే చదివాను. అందులోనే అసలు సంగతులు ఉంటాయనుకున్నాను మరి.

అది ఎక్కడ తేడా కొట్టిందో చెప్తాను. ఒకరోజు నాన్న పై వరసలో ఒక వార్తని ఫోటో తీసుకున్నాడు. కొత్త మందు గుండెపోటు ముప్పుని సగానికి సగం తగ్గించింది అని పెద్దక్షరాలు. మన వంతు వచ్చేసరికి డాక్టర్ గారు నోరు తెరవకముందే ఫోన్ చాపి "ఇది నాకు రాయండి" అన్నాడు. ఆవిడ పీజీ చేస్తున్న చిన్నమ్మాయి, రాత్రి డ్యూటీ దిగి వచ్చినట్టుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, అయినా విసుక్కోలేదు. నాన్న కేస్ షీట్ వెనక పెన్నుతో వంద చుక్కలు పెట్టడం మొదలుపెట్టి ఇరవై దగ్గర ఆపేసి "మిగతావి ఉన్నాయనుకోండి అంకుల్" అంది. "ఈ వంద మందిలో మందు వేసుకోకపోతే ఇద్దరికి గుండెపోటు వచ్చిందనుకోండి. వేసుకుంటే ఒక్కరికే వచ్చింది. రెండు ఒకటైతే సగం తగ్గినట్టే కదా, అబద్ధం కాదు. కానీ వంద మంది వేసుకుంటే మేలు జరిగింది ఒక్కరికి. ఆ ఒక్కరి కోసం మిగతా తొంభై తొమ్మిది మందికి ఏమవుతుందో కూడా చూడాలి కదా." ఇది ఉదాహరణే, ఆ మందు అసలు లెక్క కాదు అని కూడా చెప్పింది. నాన్న ఆ ఇరవై చుక్కల వంక చాలాసేపు చూసి, ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చాక నాకు నిద్ర పట్టలేదు, అంటే బాధతో కాదు, కుతూహలంతో. వెతుక్కుంటూ పోతే 2014లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం దొరికింది. బ్రిటన్‌లో 20 పేరున్న యూనివర్సిటీలు ఆరోగ్య పరిశోధనల మీద విడుదల చేసిన 462 పత్రికా ప్రకటనలు ముందేసుకుని, ప్రతిదాన్నీ అసలు పరిశోధన పత్రంతో పోల్చి చూశారు. నూటికి 40 ప్రకటనల్లో జనానికిచ్చిన సలహా అసలు పత్రంలో ఉన్నదానికంటే పెంచి చెప్పినట్టు తేలింది. జంతువుల మీదో కణాల మీదో చేసిన పనిని మనుషులకి అంటగట్టినవి నూటికి 36. నాకు బాగా తగిలిన సంగతి ఇంకోటుంది. ప్రకటనలో అతి ఉన్నచోట పేపర్లలోనూ అతి ఉంది, ప్రకటన ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాసిన చోట పేపర్లు కూడా చాలావరకు అలాగే రాశాయి. మనమేమో ఎప్పుడూ విలేకరులనే తిడతాం. ఎలుకని మనిషిని చేసే పని సగం యూనివర్సిటీ గుమ్మంలోనే అయిపోతోందన్నమాట.

అలాగని పై వరసంతా దండగ అని నేననను. 1967 డిసెంబరులో కేప్‌టౌన్ యూనివర్సిటీకి అనుబంధంగా ఉన్న గ్రూట్ షూర్ ఆసుపత్రిలో క్రిస్టియాన్ బర్నార్డ్ మొదటిసారి ఒక మనిషి గుండెని ఇంకో మనిషికి అమర్చినప్పుడు ప్రపంచమంతా అది పై వరస వార్తే. ఆ రోగి 18 రోజులే బతికాడు. 2022 జనవరిలో అమెరికాలోని మేరీల్యాండ్ యూనివర్సిటీ వైద్య కేంద్రంలో జన్యువులు మార్చిన పంది గుండెని 57 ఏళ్ళ మనిషికి పెట్టారు, అదీ పెద్ద వార్తే. రెండు నెలలకి ఆయన పోయాడు, ఆ సంగతి మా ఇంట్లో నాకు తప్ప ఎవరికీ తెలియదు, గుండె పెట్టిన సంగతి మాత్రం అందరికీ తెలుసు. ఆ రెండూ నిజంగా గొప్ప అడుగులే, నాకేం అనుమానం లేదు. కాకపోతే వచ్చే నెల చెకప్‌కి వెళ్ళాల్సిన మా నాన్నకి వాటితో పని లేదు. పై వరసలో ఉన్నది పదేళ్ళ తర్వాతి సంగతి, అదీ అన్నీ కలిసొస్తే. కింది వరసలో ఉన్నది వచ్చే శనివారం పదిన్నరకి.

అలా నేను మొదట వెళ్ళింది సీపీఆర్ క్లాసుకి.

పాతిక మందిమి ఉన్నాం, నేల మీద ఆరు బొమ్మలు, కాళ్ళూ చేతులూ లేనివి, నడుము దాకానే. నేర్పింది ఎమర్జెన్సీ వార్డు సిస్టర్ ఒకావిడ. ఉపన్యాసాలేం లేవు, వచ్చీ రాగానే మోకాళ్ళ మీద కూర్చోబెట్టేసింది. ఛాతీ మధ్యలో అరచేతి మడమ, దాని మీద రెండో చెయ్యి, మోచేతులు వంచకూడదు, 5 నుంచి 6 సెంటీమీటర్లు కిందికి దిగాలి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. వినడానికి ఇంతే. చేస్తుంటే తెలిసింది, సినిమాల్లో చేసేది సీపీఆర్ కాదని, అది జోకొట్టడమని. 5 సెంటీమీటర్లు దిగాలంటే ఒంటి బరువంతా వేయాలి. సరిగ్గా దిగితే బొమ్మలోంచి టిక్‌మని చప్పుడొస్తుంది, నాకు మొదటి అర నిమిషం ఒక్క టిక్ కూడా రాలేదు. నిమిషంన్నరకి చేతులు వణికాయి. రెండు నిమిషాలకోసారి మనిషి మారాలని సిస్టర్ ఎందుకంటోందో అప్పుడర్థమైంది, అలుపొచ్చిన మనిషికి తను సరిగ్గా నొక్కుతున్నట్టే ఉంటుంది కానీ లోతు తగ్గిపోతుందట.

"పక్కటెముకలు విరిగితే?" అని ఒకాయన అడిగాడు, అందరి మనసులో ఉన్న ప్రశ్న అది. "విరగచ్చు, విరిగితే అతుక్కుంటాయి. ఆగిన గుండెకి మీరు చేయగలిగిన కీడు ఇంకేం లేదు" అంది సిస్టర్. గుండె ఆగాక ఏమీ చేయకుండా చూస్తూ ఉంటే బతికే అవకాశం ప్రతి నిమిషానికీ నూటికి 7 నుంచి 10 చొప్పున పడిపోతుందని చెప్పి, "అంబులెన్స్ ఎన్ని నిమిషాల్లో వస్తుందో మీరే లెక్కేసుకోండి" అని ఊరుకుంది. ఎవరూ మాట్లాడలేదు.

ఆ బొమ్మ ముఖం గురించి కూడా చెప్పాలి. ఛాతీని బయటినుంచి నొక్కి రక్తం నడిపించవచ్చని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో ముగ్గురు కలిసి రాసిన పత్రం వచ్చింది 1960లో. అదే ఏడాది నార్వేలో ఆస్‌మండ్ లార్డాల్ అనే బొమ్మల తయారీదారు శిక్షణ కోసం ఈ బొమ్మని చేశాడు. ముఖానికి ఆయన తీసుకున్నది ఎవరో తెలియని ఒక అమ్మాయి ముఖపు అచ్చు. పారిస్‌లో సెన్ నదిలో దొరికిన అమ్మాయి అని కథ ఒకటి చెప్పుకుంటారు, కథలో నిజమెంతో ఎవరూ తేల్చలేదు. ఎవరో ఏమిటో తెలియని ఆ ముఖం ముందు మోకాళ్ళ మీద కూర్చుని ప్రపంచంలో ఎంతమంది ప్రాణం పోయడం నేర్చుకున్నారో.

క్లాసు చివర్లో సిస్టర్ ఒక ప్రశ్న వేసింది: "ఈ బిల్డింగ్‌లో ఏఈడీ ఎక్కడుందో ఎవరికైనా తెలుసా?" ఏఈడీ అంటే గుండెకి షాక్ ఇచ్చే పెట్టె, తెరిస్తే ఏం చేయాలో అదే మాటల్లో చెబుతుంది, షాక్ అవసరమో కాదో కూడా అదే చూసుకుంటుంది. ఎవరం చెప్పలేకపోయాం. బయటికి తీసుకెళ్ళి చూపించింది. నేను రెండేళ్ళుగా నిలబడుతున్న నోటీసు బోర్డుకి సరిగ్గా నాలుగడుగుల దూరంలో గోడకి ఉంది, చాలాసార్లు దానికే ఆనుకుని నిలబడ్డాను కూడా. మంటలార్పే సామాను అనుకున్నాను.

రక్తదానం సంగతికొస్తే, నేను ఏటా ఒకసారి జూన్ 14న ఇచ్చేదాన్ని, ఏ, బీ, ఓ గ్రూపులు కనిపెట్టిన కార్ల్ లాండ్‌స్టైనర్ పుట్టినరోజు అది, ప్రపంచ రక్తదాతల దినం. పెద్ద క్యూ, ఫోటోలు, సర్టిఫికెట్. పోయినసారి బ్లడ్ బ్యాంక్ టెక్నీషియన్ సూది గుచ్చుతూ మెల్లిగా అన్నాడు, "మేడం, మీలాంటివాళ్ళు ఇవాళ రాకపోతేనే నాకు సాయం" అని. నాకు చిర్రెత్తింది. తర్వాత అతను చెప్పింది వింటే న్యాయమే అనిపించింది. ఎర్రకణాలు ఫ్రిజ్‌లో పెడితే నిల్వ ఉండేది మహా అయితే 42 రోజులు. ప్లేట్‌లెట్లకైతే (రక్తం గడ్డకట్టడానికి కావలసిన కణాలు) ఫ్రిజ్ పనికిరాదు, మామూలు గది చల్లదనంలో ఊగుతూ ఉండే అరల మీద పెడతారు, చాలాచోట్ల అవి ఐదు రోజులకి మించి వాడరు. కీమో తీసుకునే పిల్లలకి కావలసింది అవే. ఒక్కరోజు అందరూ వచ్చి ఇచ్చేస్తే ఆ వారం పొంగిపొర్లుతుంది, పరీక్షల రోజుల్లో, పండగ సెలవుల్లో అరలు ఖాళీగా ఊగుతూ ఉంటాయి. "మీ నంబరు రాసివ్వండి, నాకు లేనప్పుడు పిలుస్తాను" అన్నాడు. రాసిచ్చాను. రెండుసార్లు పిలిచాడు. సర్టిఫికెట్ లేదు, ఫోటో లేదు, ఒకసారైతే హాల్లో నేనూ అతనూ తప్ప ఎవరూ లేరు.

కింది వరసలో ఉన్నదల్లా బంగారం అనుకుంటారేమో, కాదు. ఒక ఉచిత బీపీ శిబిరానికి (ఇది ఈ ఆసుపత్రిది కాదు, ఎవరిదో చెప్పను) నాన్నని తీసుకెళ్ళి నేనే చెడగొట్టుకున్నాను. రెండంతస్తులు మెట్లెక్కించారు, గంట నిలబెట్టారు, కుర్చీలో కూర్చున్న మరుక్షణం చొక్కా మీదే పట్టీ చుట్టి, "ఏం పని చేసేవారు, పిల్లలెంతమంది" అని అడుగుతూనే గాలి కొట్టేశారు. 172. ఆ అంకె చూసి నాన్న ముఖం పాలిపోయింది, ఆ రాత్రంతా మా ఇంట్లో టెన్షన్. పొద్దున్నే ఇంట్లో ప్రశాంతంగా చూస్తే 134. తర్వాత మన ఓపీ సిస్టర్ చెప్పింది అసలెలా చూడాలో. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి, వీపుకి ఆనుడు ఉండాలి, పాదాలు నేలకి ఆనాలి, కాలు మీద కాలు వేయకూడదు, చెయ్యి గుండె ఎత్తులో ఏదైనా బల్ల మీద ఉండాలి, మూత్రం ఆపుకుని ఉండకూడదు, చూస్తున్నంతసేపూ మాట్లాడకూడదు. చేతికి పట్టీ చిన్నదైతే అంకె ఎక్కువ చూపిస్తుంది. ఆ శిబిరంలో వీటిలో ఒక్కటి కూడా లేదు. ఇలాంటివాటికంటే అసలు లేకపోవడమే నయం అని నా అభిప్రాయం, ఎవరేమన్నా సరే.

గ్రాండ్ రౌండ్స్ అని ఇంకో నోటీసు ప్రతి వారం ఉంటుంది. అది డాక్టర్లు డాక్టర్ల కోసం పెట్టుకునేది, నాకు తెలియక ఒకసారి వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను. పావుగంటలో నాకర్థమైన మాట "నెక్స్ట్ స్లైడ్" ఒక్కటే. ఎవరూ వెళ్ళమనలేదు, నేనే లేచొచ్చాను.

నాకు అన్నిటికంటే పనికొచ్చింది మే 20న జరిగిన ఒక ఉపన్యాసం. 1747లో అదే తేదీన జేమ్స్ లిండ్ అనే ఓడ డాక్టర్, చిగుళ్ళు కుళ్ళిపోయే స్కర్వీ జబ్బు పట్టిన 12 మంది నావికులని ఇద్దరిద్దరిగా ఆరు జట్లు చేసి, ఒక్కో జట్టుకి ఒక్కో మందు ఇచ్చి చూశాడు. వెనిగర్, సముద్రపు నీళ్ళు, నీళ్ళలో కలిపిన ఆమ్లం, ఇలాంటివి. నారింజలూ నిమ్మకాయలూ తిన్న ఇద్దరు ఆరు రోజుల్లో తేరుకున్నారు. అందుకే ఆ రోజుని క్లినికల్ ట్రయల్స్, అంటే మందు పనిచేస్తుందో లేదో మనుషుల మీద పోల్చి చూసే పరీక్షల దినంగా జరుపుతారు. ఇంత స్పష్టంగా తేలినదాన్ని బ్రిటిష్ నౌకాదళం తన ఓడలకి నిమ్మరసం ఇవ్వడానికి ఒప్పుకుంది 1795లో. నలభై ఎనిమిదేళ్ళు! పక్కన కూర్చున్న నాన్న మోచేత్తో పొడిచి, "మన మందు ఇంకా నయం" అన్నాడు.

నవ్వుకున్నాం గానీ, ఆ ఉపన్యాసానికి మేం వెళ్ళడానికి కారణం ఉంది. అంతకు ముందు వారమే నాన్నని ఒక ట్రయల్‌లో చేరతారా అని అడిగారు. మా ఇంట్లో రెండు పార్టీలు అయిపోయాయి. "మనల్ని ఎలుకల్ని చేస్తారు" అని అమ్మ, "కొత్త మందు ముందు మనకే దొరుకుతుంది" అని తమ్ముడు. ఉపన్యాసం ఇచ్చిన ప్రొఫెసర్ ఇద్దరివీ తప్పే అని తేల్చారు, మా ఇంటి సంగతి ఆయనకి తెలియకపోయినా. అమ్మ భయం ఊరికే పుట్టింది కాదని, అమెరికాలో టస్కిగీ అనేచోట 1932 నుంచి 1972 దాకా సుమారు 600 మంది నల్లజాతి మగవాళ్ళ మీద సిఫిలిస్ అధ్యయనం జరిపి, జబ్బు ఉన్నవాళ్ళకి ఆ సంగతి సరిగ్గా చెప్పకుండా, పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వకుండా, కేవలం చూస్తూ కూర్చున్నారని ఆయనే చెప్పారు. ఇవాళ ఎథిక్స్ కమిటీ, సంతకానికి ముందు అన్నీ వివరంగా చెప్పాలనే నియమం, ఏ రోజైనా కారణం చెప్పకుండా బయటికి వచ్చేసే హక్కు, ఇవన్నీ అలాంటి తప్పుల మీద కట్టినవే. తమ్ముడి మాటకి జవాబు ఇంకా చిన్నది. ఏ జట్టులో పడతామో చీటీ తీసినట్టే, కొత్త మందే వస్తుందని లేదు, కొత్తదే మంచిదని తెలిసుంటే అసలు ట్రయలే అక్కర్లేదు.

చివర్లో నాన్న లేచి, ట్రయల్ అయిపోయాక మందు పనిచేస్తే అది నాకు ఇస్తారా, పడకపోతే నా వైద్యం ఖర్చు ఎవరిది అని రెండు ప్రశ్నలు వేశాడు. ప్రొఫెసర్ గారు "ఇవి సంతకం పెట్టే ముందు ప్రతి ఒక్కరూ అడగాలి, జవాబు కాగితం మీద రాసి ఉండాలి" అన్నారు. ఆ వారం మేం కాగితం అడిగాం, చదివాం, పద్దెనిమిది పేజీలు. నాన్న చేరాడు. ఏ జట్టులో ఉన్నాడో మాకూ తెలియదు, చూసే డాక్టర్‌కీ తెలియదు.

ఏడాదికోసారి జరిగేది ఇంకొకటుంది, దాని నోటీసు చాలా చిన్నది, సగం కాగితం. దేహదానం చేసినవాళ్ళ జ్ఞాపకార్థం మొదటి ఏడాది విద్యార్థులు పెట్టే సభ. నేను వెళ్ళాల్సిన పనేం లేదు, ఓపీ ఆలస్యం అవుతుంటే ఊరికే వెళ్ళి నిలబడ్డాను. ఆ పిల్లలకి తాము ఏడాదంతా ఎవరి దేహం దగ్గర నేర్చుకున్నారో పేరు చెప్పరు. ఒక కుర్రాడు కాగితం చూస్తూ చదివాడు, "మీ పేరు నాకు తెలియదు. మీ కుడి మోకాలికి ఆపరేషన్ అయిందని తెలుసు. మీ వేళ్ళ గోళ్ళకి రంగు ఉంది, ఎవరో శ్రద్ధగా వేశారు. మొదటి రోజు నేను మీ చేతి వంక చూడలేకపోయాను." ముందు వరసలో ఆయా కుటుంబాలవాళ్ళు కూర్చుని ఉన్నారు. వాళ్ళలో ఒకావిడ, గోళ్ళ మాట రాగానే పక్కనున్న అమ్మాయి చెయ్యి పట్టుకుంది. ఆ రంగు వేసింది ఆ అమ్మాయేనా, లేక ఇంకెవరి సంగతో గుర్తొచ్చిందా, నాకెలా తెలుస్తుంది. మా టోకెన్ నంబరు పిలుస్తున్నారని ఫోన్ వస్తే వచ్చేశాను.

ఆ సభ గురించి పై వరసలో ఎక్కడా రాలేదు. నేను చూశాను.

ప్రస్తుతానికి కింది వరసలో వచ్చే నెల సీపీఆర్ క్లాసు నోటీసు ఉంది, హాల్ నంబరు అప్పుడే ఒకసారి మార్చారు. నేర్చుకున్నది నెలల్లోనే మరిచిపోతామని సిస్టర్ ముందే చెప్పింది కాబట్టి మళ్ళీ వెళ్తున్నాను. ఈసారి అమ్మ కూడా వస్తానంది, నాన్న గుండె ఆగితే నొక్కాల్సింది తనే కదా అని తనే అంది, అంత మామూలుగా. మోకాళ్ళ మీద కూర్చోలేదు పాపం. బొమ్మని బల్ల మీద పెట్టి నేర్పించడం కుదురుతుందేమో సిస్టర్‌ని అడగాలి, నేల మీద పడిపోయిన మనిషికి అప్పుడెలా చేస్తుందో అదీ అడగాలి.